ఎర్రమట్టి దిబ్బల్లో ఎరుపు తీసేస్తే ఏం మిగులుతుంది?

సంక్షిప్తంగా

నలుపు తెలుపు ఫొటోలో రంగు ఎక్కడికీ పోదు, బూడిద ఛాయగా మారుతుంది. ఏ రంగు ఎంత ముదరాలన్నది ఫొటోగ్రాఫర్ తేల్చకపోతే ఫోనే తేల్చేస్తుంది. రంగుతో పాటు దిగంతం, పరిమాణం కూడా ఫ్రేమ్‌లోంచి తప్పుకుంటే ప్రకృతి దృశ్యం నైరూప్య (అబ్‌స్ట్రాక్ట్) చిత్రంలా కనిపించడం మొదలవుతుంది. ఈ పద్ధతికి పేరు తెచ్చిన అమెరికా కొండల గాలి పొడిగా ఉంటుంది, విశాఖ గాలి తేమగా ఉంటుంది. అందుకే అక్కడి చిట్కాలు ఇక్కడ సగమే పనిచేస్తాయి.

విశాఖ నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డు పక్కన ఉన్న ఎర్రమట్టి దిబ్బలు ఎలా ఉంటాయని అడిగితే, పేరులోనే ఉంది కదా అంటారు. 2014లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025 సెప్టెంబరులో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చోటు దక్కింది. టూరిజం పోస్టర్లలో, రీల్స్‌లో, పెళ్లి ఫొటో షూట్లలో జనం చూసేదంతా ఆ ఎరుపే.

అలాంటి చోటును ఎవరైనా నలుపు తెలుపులో తీసి చూపిస్తే ఎదురయ్యే ప్రశ్నలు దాదాపు ఒక్కలాగే ఉంటాయి. ఇది ఫొటోనా, పెయింటింగా? మన దిబ్బలేనా, చంద్రుడి మీద తీసిందా? అసలు ఉన్న రంగు తీసేయడం ఎందుకు? మూడూ న్యాయమైన ప్రశ్నలే. మూడోదానికి జవాబు తెలిస్తే మొదటి రెండూ చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

మందారం పువ్వు ఎందుకు మాయమవుతుంది?

పెరట్లో ఎర్ర మందారం పూసినప్పుడు ఫోన్‌తో ఒక ఫొటో తీసి, దాన్ని నలుపు తెలుపు ఫిల్టర్‌లో పెట్టి చూస్తే విషయం అక్కడే తెలిసిపోతుంది. అంతసేపూ కంటికి కొట్టొచ్చినట్టు కనిపించిన పువ్వు ఆకుల్లో కలిసిపోతుంది. రేకల అంచు ఎక్కడో, ఆకు మొదలు ఎక్కడో వెతుక్కోవాల్సి వస్తుంది.

కారణం లెక్కలో ఉంది. డిజిటల్ ఫొటోలో ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలుంటాయి, ఒక్కొక్కటీ 0 నుంచి 255 వరకు. మూడింటినీ కలిపి ఒక్క బూడిద అంకెగా మార్చడానికి చాలా కాలంగా వాడుకలో ఉన్న సూత్రం ఎరుపుకు దాదాపు 30 శాతం, ఆకుపచ్చకు 59 శాతం, నీలానికి 11 శాతం విలువ ఇస్తుంది. మనిషి కన్ను పచ్చని వెలుగును ఎక్కువగా, నీలాన్ని తక్కువగా పట్టించుకుంటుంది కాబట్టి ఈ వాటాలు. మందారం రేక మీద ఒక చుక్కలో ఎరుపు 200, పచ్చ 30, నీలం 40 ఉన్నాయనుకుందాం. పక్కనున్న ఆకులో ఎరుపు 70, పచ్చ 100, నీలం 20 అనుకుందాం. రెండింటికీ లెక్క కడితే వచ్చేది 82, 82. రెండు వేర్వేరు రంగులు ఒకే బూడిదలో మునిగిపోయాయి.

ఇప్పుడు ఆ వాటాలను పక్కన పెట్టి ఎరుపు అంకెను మాత్రమే తీసుకుంటే రేక 200, ఆకు 70. నల్లటి ఆకుల మధ్య తెల్లటి పువ్వు. పచ్చ అంకెను తీసుకుంటే లెక్క తిరగబడి పువ్వు 30, ఆకు 100 అవుతాయి. లేత ఆకుల మధ్య నల్లటి మందారం! అదే మొక్క, అదే క్షణం, అదే ఫైలు. మూడింటిలో ఏది సరైన నలుపు తెలుపు అంటే చెప్పడం కష్టం.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఇదే సంగతి ఇంకా పెద్దగా కనిపిస్తుంది. ఇసుక రేణువుల మీద పొరలా పట్టిన ఐరన్ ఆక్సైడ్ వల్ల ఆ మట్టికి ఆ రంగు. ఐరన్ ఆక్సైడ్ ఎర్రటి కాంతిని వెనక్కి కొడుతుంది, నీలాన్ని దాదాపు మింగేస్తుంది. అందుకని ఎరుపు ఛానెల్‌లో, అంటే ఎరుపు అంకెలతో మాత్రమే చేసిన బొమ్మలో, దిబ్బలు ఎండలో ఆరేసిన తెల్ల పంచెలా మెరుస్తాయి. నీలం ఛానెల్‌లో బొగ్గుకుప్పల్లా ఉంటాయి. మామూలు మోనో ఫిల్టర్ ఈ రెండింటికీ మధ్యలో ఒక చప్పటి బూడిద ఇస్తుంది. "నలుపు తెలుపులో బాగా రాలేదు" అనే ఫొటోల్లో చాలావాటి కథ ఇదే. నొక్కింది బటన్ ఒక్కటే, ఎంపిక అనేది జరగనే లేదు.

ఫిలిం రోజుల్లోనూ ఇదే పేచీ

ఇది కంప్యూటర్లతో వచ్చిన తంటా అనుకుంటే పొరపాటు. 19వ శతాబ్దం మధ్యలో వాడిన గాజు పలకల రసాయనానికి ప్రధానంగా నీలం, ఊదా కాంతే తెలిసేది. నీలాకాశం దానికి మిరుమిట్లు గొలిపే వెలుగు, ఎర్రమట్టి చీకటి. నేలకు సరిపడా వెలుగు పడనిస్తే ఆకాశం తెల్ల కాగితంలా వచ్చేది. 1850ల్లో ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ గుస్తావ్ ల గ్రే సముద్ర దృశ్యాల కోసం సముద్రానికి ఒక నెగెటివ్, మబ్బులకు ఇంకొకటి తీసి, రెండింటినీ ఒకే ప్రింటులో కలిపేవాడు. ఇవాళ ఫోన్లు హెచ్‌డీఆర్ పేరుతో క్షణంలో చేసే పనికి అది తాతలాంటిది.

1873లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త హెర్మన్ ఫోగెల్, పలక మీద పూసే రసాయనంలో (ఎమల్షన్‌లో) కొన్ని అద్దకపు రంగులు కలిపితే అది ఇతర రంగులను కూడా చూడగలుగుతుందని కనిపెట్టాడు. తర్వాత పచ్చను చూసే ఆర్థోక్రోమాటిక్ పలకలు, 1906 నాటికి ఎరుపు సహా అన్నింటినీ చూసే పాన్‌క్రోమాటిక్ పలకలు అమ్మకానికి వచ్చాయి. పాత స్టూడియోల డార్క్‌రూమ్‌లో ఎర్ర బల్బు ఉండేది గుర్తుందా? ప్రింటింగ్ పేపరుకు ఎరుపు కనిపించదు కాబట్టే ఆ వెలుగులో పని సాగేది. అంటే ఎరుపు కనిపించని కన్ను అన్నమాట. సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1886లో ఈ దిబ్బల గురించి రాసిన కాలంలో వీటిని మామూలు పలక మీద ఫొటో తీసి ఉంటే, ఎర్రమట్టి దిబ్బలు నల్లమట్టి దిబ్బల్లా వచ్చి ఉండేవి.

ఎరుపును చూసే ఫిలిం వచ్చాక లెన్సు ముందు పెట్టే రంగు గాజులకు పని దొరికింది. ఎర్ర గాజు ఎర్ర కాంతిని పోనిచ్చి నీలాన్ని ఆపుతుంది. అలా నీలాకాశం నల్లబడుతుంది, మబ్బు తెల్లగా నిలుస్తుంది. 1927లో అమెరికా ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ కాలిఫోర్నియాలోని యోసెమిటీలో హాఫ్ డోమ్ కొండను ముందు పసుపు ఫిల్టర్‌తో తీశాడు. తర్వాత తన దగ్గర మిగిలిన చివరి పలక మీద ముదురు ఎరుపు ఫిల్టర్‌తో తీశాడు. నల్లటి ఆకాశం ముందు నిలబడ్డ ఆ రాతి గోడే నేటికీ ల్యాండ్‌స్కేప్ ఫొటోగ్రఫీ పాఠాల్లో తొలి ఉదాహరణ. అతను ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి 1940 ప్రాంతంలో రూపొందించిన జోన్ సిస్టమ్ సారాంశం కూడా ఇలాంటిదే. దృశ్యంలో ఏ భాగం ప్రింటులో ఎంత ముదురుగా రావాలో షటర్ నొక్కకముందే అనుకుని, ఎక్స్‌పోజర్‌నూ డెవలపింగ్‌నూ దానికి తగ్గట్టు నడపడం.

మన దగ్గర ఉదకమండలంలో 1960లో నెలకొన్న హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ 'ఇందు' పేరుతో నలుపు తెలుపు ఫిలిం అమ్మేది. పాత స్టూడియోవాళ్లకు ఆ పేరు బాగా గుర్తు. అయితే ఆ ఫిలిం ఎక్కువగా పెళ్లిళ్లకు, పాస్‌పోర్ట్ ఫొటోలకు ఖర్చయింది. కొండలకూ రాళ్లకూ ఫిలిం తగలేసే వెసులుబాటు ఉన్నవాళ్లు తక్కువ. ప్రకృతి దృశ్యాలను నలుపు తెలుపులో చూసే అలవాటు మన పాఠకుల్లో అంతగా లేకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

విశాఖ ఆకాశం ఎందుకు నల్లబడదు?

వీడియో పాఠాలు చూసి ఎర్ర ఫిల్టర్ కొనుక్కుని, లేదా ఎడిటింగ్ యాప్‌లో నీలాన్ని కిందికి లాగి, కైలాసగిరి మీద నుంచి ఫొటో తీసినవాళ్లకు ఎక్కువగా మిగిలేది నిరాశ. ఆకాశం నల్లబడదు. మాసిన దుప్పటిలా, ఒక రకం బూడిదలో ఉండిపోతుంది. ఎడిటింగ్‌లో ఇంకా గట్టిగా లాగితే చారలు చారలుగా విరిగిపోతుంది.

తప్పు ఫిల్టర్‌ది కాదు, గాలిది. ఆకాశం నీలంగా కనిపించడానికి కారణం గాలిలోని అణువులు పొట్టి తరంగాలను ఎక్కువగా చెదరగొట్టడం. ఈ చెదరడం తరంగదైర్ఘ్యం నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది. 450 నానోమీటర్ల నీలం, 650 నానోమీటర్ల ఎరుపు కంటే నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. అలాంటి ఆకాశంలో నీలాన్ని ఆపేస్తే మిగిలేది చీకటే. ఎత్తయిన, పొడిగా ఉండే పర్వత ప్రాంతాల్లో ఆకాశం నల్లబడేది అందుకే.

బంగాళాఖాతం ఒడ్డున పరిస్థితి వేరు. గాలిలో తేమ ఎక్కువ. అలల తుంపర్ల నుంచి పుట్టే ఉప్పు రేణువులు తేమను పీల్చుకుని ఉబ్బుతాయి. పోర్టు, పరిశ్రమల ధూళి, వాహనాల పొగ వాటికి తోడవుతాయి. తరంగదైర్ఘ్యంతో సమానంగానో అంతకంటే పెద్దగానో ఉన్న ఈ రేణువులు ఎరుపు, నీలం అని తేడా చూడకుండా అన్ని రంగులనూ చెదరగొడతాయి. ఆ ఆకాశం నీలం కాదు, పాలు కలిపిన నీలం. అందులోంచి నీలం తీసేస్తే పాలు మిగులుతాయి. మంచుకూ ఇదే సూత్రం. లంబసింగి, వంజంగి కొండల మీద తెల్లారుజామున దిగే మంచును ఏ రంగు గాజూ చీల్చలేదు, ఎందుకంటే నీటిబిందువులు మరీ పెద్దవి.

మినహాయింపులు ఉన్నాయి. వాన వెలిసిన మర్నాడు, అల్పపీడనం దాటిపోయాక, గాలి కడిగినట్టుండే రోజుల్లో సింహాచలం కొండల వెనక ఆకాశం నిజంగానే నీలంగా ఉంటుంది. ఆ రోజుల్లో ఎర్ర ఫిల్టర్ చెప్పినట్టే వింటుంది. అయితే దానికి చెల్లించే ధర ఉంది. ముదురు ఎరుపు ఫిల్టర్ వెలుగులో ఎనిమిదో వంతునే లోపలికి రానిస్తుంది. ఆకులు కూడా నల్లబడతాయి. పచ్చటి తూర్పు కనుమల వాలు మొత్తం ఒక నల్ల ముద్ద అయిపోతుంది. పసుపు లేదా నారింజ ఫిల్టర్ ఇక్కడ ఎక్కువ ఉపయోగపడుతుందని అనుభవమున్నవాళ్లు అనేది ఇందుకే.

రెండో తేడా సూర్యుడిది. దీన్ని ఎక్కువమంది గమనించరు. యోసెమిటీ ఉన్నది దాదాపు 37.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. అక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఏడాదిలో ఎప్పుడూ నడినెత్తికి రాడు, డిసెంబరు చివర్లోనైతే దిగంతం నుంచి 29 డిగ్రీల దగ్గరే ఆగిపోతాడు. విశాఖ ఉన్నది దాదాపు 17.7 డిగ్రీల మీద. మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఇంకోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు నిట్టనిలువుగా ఉంటాడు. నీడ కాళ్ల కిందే. రంగు ఫొటోలో ఆ వేళ కూడా ఎర్రమట్టి ఎర్రగానే ఉంటుంది, ఫొటో ఏదో నెట్టుకొస్తుంది. నలుపు తెలుపులో నీడ లేకపోతే ఏమీ లేదు. మట్టి కోతల లోతు, రాతి మడతలు, ఇసుక అలలు ఇవన్నీ కనిపించేది పక్కనుంచి పడే వెలుగులోనే. డిసెంబరు చివర్లో ఇక్కడ మధ్యాహ్న సూర్యుడు 49 డిగ్రీల దగ్గర ఉంటాడు కాబట్టి శీతాకాలంలో పని చేసుకునే గంటలు పెరుగుతాయి. వేసవిలో పొద్దున్నే ఒక గంట, సాయంత్రం ఒక గంట, అంతే.

మరి ఈ పాలు కలిపిన ఆకాశంతో ఏం చేయాలి? 'దూరపు కొండలు నునుపు' అన్న సామెతలో ఒక ఆప్టిక్స్ పాఠం ఉంది. మనకూ కొండకూ మధ్య ఉన్న గాలి తన వెలుగును కలిపి కొండ గరుకుదనాన్ని కప్పేస్తుంది. దగ్గరి కొండ ముదురుగా, దాని వెనకది లేతగా, ఆ వెనకది ఇంకా లేతగా, చివరిది ఆకాశంలో కలిసిపోతూ కనిపిస్తుంది. రంగులో ఇది నీరసంగా ఉంటుంది. రంగు పోతే ఒకదాని వెనక ఒకటి చించి అతికించిన బూడిద కాగితాల్లా కొండలు వరుస కడతాయి. అనంతగిరి ఘాట్‌లో మలుపు మలుపుకూ ఇదే. జపాన్ ఫొటోగ్రాఫర్ హిరోషీ సుగిమోటో 1980 నుంచి తీస్తున్న సముద్ర చిత్రాల్లో సగం నీరు, సగం గాలి, మధ్యలో దిగంతం తప్ప ఇంకేమీ ఉండదు. కొన్నింటిలో ఆ గీత కూడా మంచులో కరిగిపోతుంది. ఆర్‌కే బీచ్‌లో ఏప్రిల్ ఉదయం నిలబడితే సముద్రానికీ ఆకాశానికీ మధ్య గీత దొరకదు. విశాఖ ఫొటోగ్రాఫర్లు ఆడమ్స్ నల్లటి ఆకాశం వెంటపడటం కంటే ఈ దారిలో వెళ్తే ఫలితం ఎక్కువ. వాతావరణం అటే మొగ్గుతోంది మరి.

సుత్తి తీసేస్తే దృశ్యం నైరూప్యమే

భూగర్భ శాస్త్రవేత్తలు రాయిని ఫొటో తీసేటప్పుడు పక్కన సుత్తి పెడతారు. అది లేకపోతే పెన్ను, పెన్ను లేకపోతే రూపాయి బిళ్ల. ఫొటోలో ఉన్నది అరచేతంత రాయా, అంతస్తంత గోడా అన్నది తెలియాలి కదా. నైరూప్య ఫొటోగ్రఫీ చేసే మొదటి పని ఆ సుత్తిని తీసేయడం.

అప్పుడు కళ్లు తడబడతాయి. నీరు మట్టిని కోసే పద్ధతి చిన్న కాలువలోనూ పెద్ద లోయలోనూ దాదాపు ఒకటే కాబట్టి రెండూ ఒకేలా కనిపిస్తాయి. 1967లో గణిత శాస్త్రవేత్త బెనోయ్ మాండెల్‌బ్రాట్ బ్రిటన్ తీరం పొడవెంత అని ప్రశ్నించి, ఎంత దగ్గరికి వెళ్లి కొలిస్తే అంత పెరుగుతుందని చూపించాడు. చిన్న వంపులో పెద్ద వంపు ఆకారమే మళ్లీ మళ్లీ వస్తుంది. ఎర్రమట్టి దిబ్బల అంచున వాన కోసిన జానెడు గాడిని దగ్గరగా తీస్తే, రంగు ఉన్నంతసేపు అది మన ఎర్రమట్టే. రంగు తీసేయగానే విమానం కిటికీలోంచి చూసిన లోయ అవుతుంది. చంద్రుడి మీద తీశారా అన్న ప్రశ్న పుట్టేది ఇక్కడే. పచ్చటి జీడిమామిడి కొమ్మ ఒకటి మూలన కనిపిస్తే చాలు, ఆ మాయ పోతుంది.

ఇంకా దగ్గరగా చూడాలంటే భీమిలి వైపు తడి ఇసుక చాలు. వెనక్కి వెళ్లే అల ఇసుక మీద నల్లటి చారలు వదిలి వెళ్తుంది. కొందరు నూనె మరక అనుకుంటారు. అది ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువైన ఖనిజాల ఇసుక. మామూలు తెల్ల ఇసుకలో ఉండే క్వార్ట్జ్ నీటికంటే 2.65 రెట్లు బరువైతే, ఇల్మనైట్ 4.7 రెట్ల దాకా ఉంటుంది. వెనుదిరిగే నీరు తేలికైన గింజలను తీసుకుపోతుంది, బరువైనవి అక్కడే చతికిలబడతాయి. చిన్న గులకరాయో గవ్వో అడ్డం వస్తే నీరు దాన్ని చుట్టి వెళ్తుంది, దాని వెనక వి ఆకారంలో నల్లటి తోక మిగులుతుంది. నిలువెత్తు నుంచి కెమెరాను నేరుగా కిందికి వంచి తీస్తే ఆ తోకలన్నీ కలిసి పక్షి ఈకల్లా, కాటుక చెదిరినట్టుగా ఉంటాయి. ఇక్కడ రంగు తీసేసి పోగొట్టుకునేది పెద్దగా ఏమీ లేదు, ఎందుకంటే ప్రకృతే ఆ బొమ్మను నలుపు తెలుపులో వేసింది. తడి వల్ల కాంట్రాస్ట్ ఇంకా పెరుగుతుంది. గింజల మధ్య గాలి ఉన్నప్పుడు వెలుగు ఎక్కువగా చెదిరి వెనక్కి వస్తుంది. ఆ ఖాళీల్లో నీరు నిండితే వెలుగు లోపలికి జారిపోతుంది. అందుకే తడి ఇసుక ముదురుగా కనిపిస్తుంది. అయిదారు నిమిషాలు ఆలస్యమైతే ఆ చార ఆరిపోవచ్చు, లేదా తర్వాతి అల దాన్ని చెరిపేయవచ్చు.

ఒడ్డున ఉన్న రాళ్లు కూడా ఇలాంటి ఆటకు పనికొస్తాయి. విశాఖ కొండల్లో ఎక్కువగా ఉండేది ఖోండలైట్. ఒకప్పుడు ఖోండులు అని పిలిచిన గిరిజనుల పేరు మీదుగా వచ్చిన పేరది. గార్నెట్, సిలిమనైట్, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ పొరలు పొరలుగా పేరుకుని, వేడికీ ఒత్తిడికీ వంగిన రాయి. ఎండకూ వానకూ తుప్పు రంగు తేలుతుంది. కంటికి ముందు కనిపించేది ఆ తుప్పు, ఆ తర్వాతే పొరల వంపులు. రంగు పక్కకు తప్పుకుంటే వరుస మారుతుంది. మంగమారిపేట దగ్గర సముద్రం తొలిచిన సహజ శిలాతోరణాన్ని అందరూ మొత్తంగా తీస్తారు. దాని ఒంటి మీది చారలకు దగ్గరగా వెళ్లేవాళ్లు తక్కువ.

ఈ చూపుకు చరిత్ర ఉంది. 1920ల్లో అమెరికా ఫొటోగ్రాఫర్ ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ దిగంతం కనిపించకుండా మబ్బులను మాత్రమే తీసి, వాటికి 'ఈక్వివలెంట్స్' అని పేరు పెట్టాడు. ఏది పైకో ఏది కిందకో తెలియని ఆ ఫొటోలను ఫొటోగ్రఫీలో తొలి నైరూప్య ప్రయత్నాల్లో లెక్కిస్తారు. 1936లో మరో అమెరికా ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ కాలిఫోర్నియాలోని ఓషియానో ఇసుక దిబ్బలను వెలుగు నీడల పట్టీలుగా చూపించాడు. మన దేశంలో నస్రీన్ మొహమ్మదీని (1937–1990) తప్పక తలచుకోవాలి. గీతల చిత్రాలకు పేరుపొందిన ఆమె సముద్రపు ఒడ్డును, ఎడారిని, నేల మీది గీతలను నలుపు తెలుపులో తీశారు. కానీ బతికుండగా ఆ ఫొటోలను ప్రదర్శనకు పెట్టలేదు. ఆమె దృష్టిలో అవి గీతలకు నోట్సులాంటివేమో అనిపిస్తుంది. ఇప్పుడు మాత్రం వాటిని సొంత కాళ్ల మీద నిలబడ్డ చిత్రాలుగానే చూస్తున్నారు.

నైరూప్యం అంటే ఏమీ అర్థం కాకపోవడం అన్న అభిప్రాయం మన దగ్గర బలంగా ఉంది. నిజానికి ప్రతి ఇంటి ముందూ అది రోజూ కనిపిస్తూనే ఉంటుంది. కళ్లాపి చల్లిన ముదురు నేల మీద తెల్లటి ముగ్గు దేని బొమ్మ అని ఎవరూ అడగరు. చుక్కల మధ్య గీత ఎటు తిరిగింది, ఎక్కడ కలిసింది అన్నదే చూస్తారు. ఇసుక మీది నల్ల చారను కూడా అలా చూడొచ్చు.

సముద్రం పొగమంచు ఎలా అవుతుంది?

అలలు లేకుండా, రాళ్ల చుట్టూ పొగ కమ్మినట్టుండే ఫొటోలు చూసి మోసం అనుకునేవాళ్లు ఉన్నారు. అందులో ఉన్నది కాలం మాత్రమే. లెన్సు ముందు పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగును పదిసార్లు సగానికి సగం తగ్గించే ముదురు గాజు) పెడితే వెలుగు దాదాపు వెయ్యో వంతుకు పడిపోతుంది. సెకనులో 30వ వంతు చాలిన చోట 34 సెకన్లు షటర్ తెరిచి ఉంచాలి. ఆ లోపు వచ్చిపోయిన అలలన్నీ ఒకదాని మీద ఒకటి పడి సగటు అవుతాయి. కదలని రాయి మాత్రం పదునుగా ఉంటుంది. రంగులో ఇలా తీస్తే కొన్ని ఫిల్టర్ల వల్ల వచ్చే రంగు ఛాయ ఒక తలనొప్పి, నలుపు తెలుపులో ఆ బెడద లేదు. ఇక్కడి అసలు సమస్య లెన్సు మీద పడే ఉప్పు తుంపర. 34 సెకన్లలో దానికి కావలసినంత సమయం దొరుకుతుంది. గుడ్డ దగ్గర పెట్టుకోవాల్సిందే.

ఫోన్‌కూ కెమెరాకూ తేడా ఎక్కడ?

ఫోన్ మామూలుగా దాచే జేపెగ్ ఫైలులో ఒక్కో ఛానెల్‌కు 256 వెలుగు మెట్లు. సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే రా ఫైలు 14 బిట్లదైతే 16,384. రంగు ఫొటోలో మూడు ఛానెళ్లు కలిసి లోపాన్ని కొంత కప్పేస్తాయి. ఒక్క ఛానెల్‌ను బయటికి లాగి సాగదీస్తే మెట్లు బయటపడతాయి. పైన చెప్పిన చారల ఆకాశం అలా వచ్చిందే. ఇప్పుడు చాలా ఫోన్లు రా ఇస్తున్నాయి కాబట్టి ఇది పెద్ద అడ్డంకి కాదు, ఆ సెట్టింగ్ వెతికి పెట్టుకోవాలంతే.

రంగు చూడని సెన్సర్‌తోనే తయారయ్యే కెమెరాలూ ఉన్నాయి. 2012లో లైకా, 2023లో పెంటాక్స్ అలాంటివి తెచ్చాయి. సెన్సర్ మీద రంగు గాజుల పొర ఉండదు కాబట్టి ఎక్కువ వెలుగు, ఎక్కువ పదును. కానీ ఒక తిరకాసుంది. ఫొటో తీశాక ఎరుపును తెల్లగా చేయాలా, నల్లగా చేయాలా అని ఆలోచించే అవకాశం ఉండదు. మళ్లీ పాత రోజుల్లోలా లెన్సు ముందు గాజు పెట్టి అక్కడికక్కడే తేల్చుకోవాలి. ఎర్రమట్టి దిబ్బల్లాంటి చోటుకు మామూలు రంగు కెమెరాయే నయం.

బొర్రా గుహలది ఇంకో రకం చిక్కు. లోపల పెట్టిన రంగురంగుల దీపాల వల్ల సున్నపురాయి అసలు ఛాయ తెలియదు. నలుపు తెలుపులోకి మారిస్తే ఆ జాతర దీపాల గోల పోతుంది, రాతి ఆకారం తేరుకుంటుంది. అయితే ఎర్ర దీపం కింద ఉన్న రాయికి ఎరుపు ఛానెల్‌లో మాత్రమే సమాచారం ఉంటుంది. నీలం ఛానెల్ తెరిస్తే ఇసుక జల్లినట్టు నాయిస్ తప్ప ఏమీ ఉండదు.

డ్రోన్‌తో పై నుంచి తీసే నైరూప్య చిత్రాలు ఇతర చోట్ల జోరుగా వస్తున్నాయి. తూర్పు నౌకాదళ కేంద్రమైన విశాఖలో ఆ ఉత్సాహం కొంచెం తగ్గించుకోవాలి. నిషేధిత ప్రాంతాల్లో అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయడం నేరం. కొన్ని చోట్ల మామూలు కెమెరా తీయడం కూడా కుదరదు.

మరి ఇది నిజమేనా?

ఆకాశాన్ని ముదురు చేయడం, ఎరుపును తెల్లగా చేయడం అబద్ధం కాదా అన్న అనుమానం మిగులుతుంది. ఆడమ్స్ 1941లో న్యూ మెక్సికోలో తీసిన చంద్రోదయం ఫొటోను దశాబ్దాల పాటు మళ్లీ మళ్లీ ప్రింట్ చేశాడు. తొలి ప్రింట్లలో లేతగా, మబ్బు చారలతో ఉన్న ఆకాశం తర్వాతి వాటిలో దాదాపు నల్లగా మారింది. దాన్ని ఎవరూ మోసం అనలేదు. ఛాయను మార్చడం వేరు, లేని చంద్రుణ్ని తెచ్చి అతికించడం వేరు. చాలా పోటీల నియమాలు కూడా గీత గీసేది అక్కడే. నలుపు తెలుపు తనను తాను దాచుకోదు, చూడగానే ఇది మార్చిన దృశ్యమని తెలిసిపోతుంది. పచ్చదనం పెంచి, సూర్యాస్తమయాన్ని కాషాయంలో ముంచి, 'నో ఫిల్టర్' అని పెట్టే రంగు ఫొటోతోనే మోసపోయే అవకాశం ఎక్కువ.

ఒక చోట మాత్రం ఈ వాదన నిలవదు. ఎర్రమట్టి దిబ్బల్లో కోతలు ప్రతి వానాకాలం తర్వాతా కొంత మారతాయి. గట్టులు విరుగుతాయి, పైకెక్కిన కాళ్ల కింద మట్టి రాలుతుంది. ఏ గట్టు ఎంత తరిగిందో, ఎక్కడ తవ్వారో చెప్పాలంటే కావలసింది రంగు ఫొటో, తేదీ, పక్కన సుత్తి. అదే గట్టును సుత్తి లేకుండా, రంగు లేకుండా తీసిన చిత్రం గోడ మీద ఎంత అందంగా ఉన్నా అది ఏ ఏటిదో, ఎంత ఎత్తుదో చెప్పలేదు. అక్కడికి వెళ్లేవాళ్లు బాటలో నిలబడి రెండూ తీసుకోవచ్చు, దానికి పట్టేది ఇంకో అర నిమిషమే.